దాణా బస్తా నుంచి పాల గ్లాసు దాకా: కల్తీ, కలుషితాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరులో మిర్చి, దాణా శాంపిళ్లు పరీక్షించే పనిలో చాలా ఏళ్లు గడిపాను. ఇప్పుడు తెనాలి, మంగళగిరి, విజయవాడ సింగ్‌నగర్ వైపు మహిళా సంఘాలో పాడి రైతులో పిలిస్తే వెళ్లి మాట్లాడుతుంటాను. పేపర్లో కల్తీ వార్త పడిన వారం నా ఫోను మోగుతూనే ఉంటుంది. మళ్లీ మళ్లీ వినే ప్రశ్నలకు ఇక్కడ ఒకచోట జవాబులు రాసి పెడుతున్నాను. కొన్ని ప్రశ్నలు చిన్నవి, కొన్నిటికి చాలా చెప్పాలి.

కల్తీ, కలుషితం రెండూ ఒకటే కాదా అండీ?

కాదు. లాభం కోసం కావాలని కలిపితే కల్తీ. ఎవరూ కలపకుండానే, అజాగ్రత్త వల్లో వాతావరణం వల్లో విషం చేరితే కలుషితం. మనకు భయమంతా మొదటిదాని మీదే ఉంటుంది. కానీ మన దేశపు ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018లో దేశమంతటా 6,432 పాల శాంపిళ్లు తీసి పరీక్షిస్తే, యూరియా, డిటర్జెంట్ లాంటివి కలిపిన కల్తీ పాలు 12 మాత్రమే తేలాయి. అఫ్లాటాక్సిన్ ఎం1 అనే బూజు విషం పరిమితి దాటినవి మాత్రం 368. ఆ విషాన్ని పాలల్లో ఎవరూ పోయలేదు. పశువు తిన్న మేతలోంచి వచ్చింది. అందుకే పాల గురించి మాట్లాడమని పిలిచినా నేను దాణా దగ్గరే మొదలుపెడతాను.

పశువు ఏదో తింటే దానికే కదా జబ్బు? మనకేంటి?

ఈ ప్రశ్నకు జవాబు ప్రపంచానికి 1960లో తెలిసింది. ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు అంతుబట్టని జబ్బుతో చనిపోయాయి. వెతికితే కారణం వాటికి పెట్టిన వేరుశనగ చెక్కలో దొరికింది. బ్రెజిల్ నుంచి వచ్చిన ఆ చెక్కకు ఆస్పర్జిల్లస్ అనే బూజు పట్టి ఉంది. ఆ బూజు వదిలే విషానికే తర్వాత అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టారు. కాలేయానికి క్యాన్సర్ తెచ్చే పదార్థాల్లో దీన్ని చాలా బలమైనదిగా లెక్కిస్తారు.

మన దేశంలో 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు గిరిజన గ్రామాల్లో అకాల వర్షాలకు తడిసి బూజుపట్టిన మొక్కజొన్న తిని 397 మంది కామెర్లతో జబ్బుపడ్డారు. 106 మంది చనిపోయారు. దాని మీద పరిశోధన చేసింది మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థే.

గేదె ఈ విషాన్ని తిన్నప్పుడు దాణాలో ఉండే బీ1 రకాన్ని దాని కాలేయం ఎం1గా మార్చి కొంత భాగాన్ని పాలల్లోకి వదులుతుంది. తిన్న దాంట్లో సుమారుగా నూటికి ఒకటి నుంచి మూడు వంతులు అలా వస్తుంది. ఒక లెక్క చూడండి. భారత ప్రమాణాల సంస్థ పశుదాణాకు పెట్టిన పరిమితి కిలోకు 20 మైక్రోగ్రాములు. అలాంటి దాణా రోజుకు ఐదు కిలోలు తింటే 100 మైక్రోగ్రాముల విషం లోపలికి పోతుంది. రెండు శాతం పాలల్లోకి వచ్చిందనుకుంటే 2 మైక్రోగ్రాములు. ఆరు లీటర్లు ఇచ్చే గేదె అయితే లీటరుకు 0.33. పాలకు మన దేశపు పరిమితి 0.5 కాబట్టి సరిపోయింది. అదే దాణాలో కిలోకు 100 మైక్రోగ్రాములు ఉంటే? పాలల్లో 1.6 దాటుతుంది, అంటే పరిమితికి మూడు రెట్లకు పైన. ఆ గేదె మాత్రం చూడటానికి బాగానే ఉంటుంది. పాలు తెల్లగా, చిక్కగానే ఉంటాయి.

బాగా మరగబెడితే పోదా?

పోదు. పాశ్చరైజేషన్‌కూ పోదు. ఈ విషం పాలల్లోని ప్రోటీనును అంటుకుని ఉంటుంది కాబట్టి పెరుగులోకీ పనీరులోకీ కూడా వెళ్తుంది. నెయ్యిలోకి వెళ్లేది తక్కువ.

మరి దీనికి మార్గమే లేదా?

ఉంది, అదీ త్వరగా పనిచేసే మార్గం. చెడ్డ దాణా ఆపేస్తే మూడు నాలుగు రోజుల్లో పాలు దాదాపు శుభ్రపడతాయి. చెడ్డ దాణా తిన్న ఒక రోజులోనే పాలల్లో విషం కనిపిస్తుంది, మానేసిన నాలుగో రోజుకు పోతుంది. అందుకే తప్పు ఎక్కడుందో కనిపెట్టడం అంత ముఖ్యం.

ఒకసారి ఒక పాల సేకరణ కేంద్రం శాంపిలు పరిమితి దాటింది. ఊళ్లోకి వెళ్లి ఇల్లిల్లూ తిరిగాం. ఒక ఇంట్లో గానుగ నుంచి తెచ్చిన వేరుశనగ చెక్క వంటింటి వెనక తడిగోడకు ఆనించి ఉంది. పైన బాగానే ఉంది, చెయ్యి లోపలికి పెడితే వెచ్చగా, ముక్కవాసన. ఆ ఇంటి పెద్దాయన, ‘ఎండలో పెట్టి వాడుతున్నాం కదండీ’ అన్నారు. ఎండకు బూజు చస్తుంది, అది వదిలిన విషం చావదు. ఆ బస్తా తీసేశాక వారంలోపు ఆ కేంద్రం పాలు మళ్లీ పరిమితిలోకి వచ్చాయి.

పాడి రైతు ఏం చూసుకోవాలి?

మన జిల్లాల్లో గేదెలకు పెట్టేవి ముఖ్యంగా వేరుశనగ చెక్క, పత్తిగింజల చెక్క, మొక్కజొన్న, తవుడు, చిట్టు, వరిగడ్డి. వేరుశనగ చెక్క, మొక్కజొన్న, పత్తిగింజల చెక్క ఎక్కువ జాగ్రత్త కోరేవి. మొక్కజొన్న గింజలో తేమ 13–14 శాతం దాటకుండా ఆరబెట్టాకే నిల్వ చేయాలి. రబీ మొక్కజొన్నను రోడ్ల మీద ఆరబోస్తారు కదా, రాత్రి మంచుకు కప్పకపోతే పగలంతా ఎండిందీ వృథానే.

బస్తాలు నేల మీద పెట్టకండి, చెక్క పలకల మీద పెట్టండి. గోడకు జానెడు దూరం ఉండాలి. ముందు తెచ్చిన బస్తా ముందు వాడాలి. వానాకాలంలో నెలకు మించి సరుకు తెచ్చి పెట్టుకోవద్దు. గడ్డివాము పైన తడిసి నల్లబడిన పొర తీసి పారేయండి, గేదెకు వేయకండి. ఇంకో మాట, కుడితి తొట్టి. మిగిలిన అన్నం, పాచిపోయిన రొట్టె, బూజుపట్టిన పిండి అన్నీ ‘గేదెకేలే’ అని అందులో పోస్తాం. మనం తినడానికి పనికిరాదనుకున్నది రేపు పాల రూపంలో మన పిల్లల గ్లాసులోకే వస్తుంది.

టాక్సిన్ బైండర్లు అని బెంటోనైట్ మట్టితో చేసినవి అమ్ముతారు. అవి కడుపులో కొంత విషాన్ని పట్టేసి బయటికి పంపుతాయి. పశువైద్యుణ్ణి అడిగి వాడుకోవచ్చు. అది వేస్తున్నాం కదా అని బూజు దాణా పెట్టకూడదు.

బుడమేరు వరదలో తడిసిన బియ్యం, దాణా ఆరబెట్టి వాడుకోవచ్చా?

2024 సెప్టెంబరు మొదటి వారంలో సింగ్‌నగర్‌లో ఇళ్లల్లోకి నీళ్లు వచ్చినప్పుడు నన్ను ఎక్కువమంది అడిగింది ఇదే. అంతకుముందు ఏడాది డిసెంబరులో బాపట్ల దగ్గర మిచౌంగ్ తుఫాను తీరం దాటినప్పుడు రైతులూ అడిగారు. వరద నీటిలో మురుగు, డీజిలు, పురుగుమందు ఏదైనా ఉండొచ్చు. మునిగిన బియ్యం, పప్పు, పిండి, దాణా ఏదీ వాడొద్దు, మనుషులకూ వద్దు, పశువులకూ వద్దు. నష్టం బాధగానే ఉంటుంది, తెలుసు. చేలో వానకు తడిసిన ధాన్యం సంగతి వేరు. అది వెంటనే ఆరితే, మొలక, రంగుమార్పు, ముక్కవాసన లేకపోతే వాడుకోవచ్చు.

దాణాకు చట్టం లేదా?

ఇక్కడే ఒక పెద్ద ఖాళీ ఉండేది. 2006 ఆహార భద్రత చట్టం ‘ఆహారం’ అంటే ఏమిటో చెబుతూ పశుదాణాను ఆ నిర్వచనంలోంచి బయట పెట్టింది. రైతు పొలం పనులకూ ఆ చట్టం వర్తించదు. అంటే పాలను పరీక్షించే అధికారి దాణా కొట్టులోకి ఆ చట్టంతో వెళ్లలేడు. 2018 పాల సర్వేలో అఫ్లాటాక్సిన్ అంకె బయటపడ్డాక, 2020లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ పాడి, మాంసపు పశువులకు అమ్మే తయారీ దాణా భారత ప్రమాణాల సంస్థ ప్రమాణాలకు లోబడి ఉండాలని ఆదేశించింది. అమలు గడువు మాత్రం పొడిగించారు. మన రాష్ట్రం కూడా 2020లో పశుదాణాకూ చేపల మేతకూ విడివిడిగా నాణ్యత నియంత్రణ చట్టాలు తెచ్చింది.

కాబట్టి దాణా బస్తా కొనేటప్పుడు చూడాల్సినవి ఇవి: తయారీదారు పేరు, చిరునామా, లైసెన్సు, బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, ప్రోటీను, కొవ్వు, పీచు శాతాలు, ప్రమాణాల సంస్థ గుర్తు. విడిగా తూకం వేసి ఇచ్చే దాణాకు ఇవేవీ ఉండవు. అందులో తేడా వస్తే ఎవర్ని అడుగుతారు?

ప్రోటీను శాతం ఎక్కువ ఉంటే మంచి దాణా కదా?

ఎప్పుడూ కాదు. ప్రయోగశాలలో మామూలుగా కొలిచేది నత్రజని. దాని నుంచి ప్రోటీను లెక్కకడతారు. యూరియాలోనూ మెలమైన్ అనే రసాయనంలోనూ నత్రజని బాగా ఉంటుంది కాబట్టి అవి కలిపితే కాగితం మీద ప్రోటీను పెరుగుతుంది.

2007లో చైనా నుంచి వచ్చిన గోధుమ గ్లూటెన్‌లో మెలమైన్ కలిసి, అమెరికాలో దాన్ని తిన్న కుక్కలు, పిల్లులు మూత్రపిండాలు పాడై చనిపోయాయి. మరుసటి ఏడాది అదే మెలమైన్ చైనాలో పసిపిల్లల పాలపొడిలో దొరికింది. దాదాపు మూడు లక్షలమంది పిల్లలు జబ్బుపడ్డారు, ఆరుగురు చనిపోయినట్టు అక్కడి ప్రభుత్వమే చెప్పింది. జంతువుల తిండిలో వచ్చిన హెచ్చరికను మనుషుల తిండికి అన్వయించి చూసి ఉంటే, అని ఇప్పటికీ అనిపిస్తుంది.

బయటి దేశాలు ఇలాంటివి జరిగాక ఏం మార్చుకున్నాయి?

రెండు సంగతులు చెబుతాను. బ్రిటన్‌లో పశువుల మాంసం, ఎముకల పొడిని మళ్లీ పశువులకే మేతగా పెట్టారు. 1986లో పిచ్చి ఆవు జబ్బు బయటపడింది. ‘మనుషులకేమీ కాదు’ అని పదేళ్లు చెప్పి, 1996 మార్చిలో మనుషుల్లో వచ్చే మెదడు జబ్బుకు దానితో సంబంధం ఉండొచ్చని ఒప్పుకున్నారు. ఆ పదేళ్లలో పోయిన నమ్మకం తిరిగి రావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. మన దగ్గర కూడా ఇప్పుడు పాడి పశువులకు మాంసం, ఎముకల పొడి కలిపిన దాణా నిషిద్ధం.

రెండోది బెల్జియం. 1999 జనవరిలో ట్రాన్స్‌ఫార్మర్ నూనె పాత వంటనూనెల కొవ్వుతో కలిసి కోళ్ల దాణాలోకి చేరింది. గుడ్లు పొదగకపోవడం, పిల్లలు చావడం పశువైద్యులు గమనించారు. అందులో డయాక్సిన్ అనే విషం ఉందని తేలాక కూడా జనానికి చెప్పడంలో ఆలస్యం జరిగి మే నెలాఖరులో బయటపడింది. ఇద్దరు మంత్రులు రాజీనామా చేశారు. జూన్ ఎన్నికల్లో ప్రభుత్వమే పోయింది. ఈ రెండు దెబ్బల తర్వాతే యూరప్ 2002లో కొత్త ఆహార చట్టం తెచ్చి, దాణానూ ఆహారాన్నీ ఒకే గొడుగు కిందికి చేర్చింది. దాని గుండెకాయ ఒక్క నియమం: సరుకు ఎవరి దగ్గర కొన్నావో, ఎవరికి అమ్మావో ప్రతి వ్యాపారీ చూపించగలగాలి.

నా అనుభవంలోనూ అంతే. ఏ గొడవలోనైనా మొదట దొరకనిది బిల్లు.

గుంటూరు కారంలో రంగు కలుపుతారట, నిజమేనా?

2003లో ఫ్రాన్స్ మన దేశపు కారంలో సుడాన్ 1 అనే రంగును పట్టుకుంది. అది బూట్ల పాలిష్‌లోనూ మైనంలోనూ వాడే రంగు, తిండిలో పూర్తిగా నిషిద్ధం. వెంటనే యూరప్ పరీక్ష పత్రం లేకుండా కారం రానివ్వనంది. 2005 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో ఒక సాసు తయారీలో వాడిన పాత కారంలో అదే రంగు దొరికింది. ఆ సాసు వేసిన నాలుగు వందలకు పైగా సరుకులు దుకాణాల్లోంచి వెనక్కి తీశారు. ఒక్క కారం లాట్ ఎంత దూరం పాకిందో చూడండి.

రంగెందుకు కలుపుతారు? మిర్చి యార్డులో ధర రంగును బట్టి పలుకుతుంది. తాలుకాయ, మచ్చకాయ చౌక. నిల్వలో రంగు తగ్గిన కాయ కూడా చౌకే. దాన్ని ఆడించి రంగు వేస్తే మేలిరకం కారంలా కనిపిస్తుంది. ఆ దెబ్బ తిన్నది తేజ, సన్నం రకాల మిర్చి పండించి కల్లంలో రాత్రిళ్లు కాపలా కాసిన రైతు. ఆ తర్వాత సుగంధ ద్రవ్యాల ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ స్పైసెస్ బోర్డు ఎగుమతి లాట్లకు సుడాన్, అఫ్లాటాక్సిన్ పరీక్షలు తప్పనిసరి చేసింది. గుంటూరులోనే దాని ప్రయోగశాల ఉంది. ఎగుమతి కారానికి ఉన్న ఈ కాపలా మన ఊరి కిరాణా కారానికి లేదు. ఇది నన్ను చాలా బాధపెట్టే విషయం.

కారం నీళ్లలో వేసి చూస్తే తెలుస్తుందంటారు కదా?

నీళ్లలో కరిగే రంగు అయితే చారలు చారలుగా దిగుతుంది, తెలుస్తుంది. ఇటుక పొడి అడుక్కి చేరుతుంది. కానీ సుడాన్ నూనెలో కరిగే రంగు, నీళ్లలో కరగదు. గ్లాసులో చారలు రాలేదని నిశ్చింతగా ఉండకండి. ఇంటి పరీక్షలో తేడా కనిపిస్తే అనుమానించండి. తేడా కనిపించకపోయినా అది మంచిదని రుజువు కాదు. అన్నిటికన్నా మేలు, కాయ కొనుక్కుని తొడిమలు తీసి ఎదురుగా ఆడించుకోవడం. కాయ లోపల విత్తనాల దగ్గర బూడిదరంగు బూజు ఉందేమో ఒకటి రెండు విరిచి చూడండి.

కల్లంలో బూజు ఎలా వస్తుంది?

తేమ వల్ల. కాయ 10–11 శాతం తేమకు ఎండాలి. మట్టినేల మీద కాకుండా పరదాల మీద ఆరబోయాలి, సాయంత్రం కుప్ప చేసి కప్పాలి. బరువు కోసం నీళ్లు చల్లిన బస్తా కోల్డ్ స్టోరేజీకి వెళ్తే తేమతోబాటు బూజూ వెళ్తుంది. యూరప్ మిరపకాయకు పెట్టిన పరిమితి మొత్తం అఫ్లాటాక్సిన్లు కిలోకు 10 మైక్రోగ్రాములు, మన దేశంలో 30. అక్కడ వెనక్కి పంపిన సరుకు ఏమవుతుందో అడగాల్సిన ప్రశ్నే.

తిరుమల లడ్డూ నెయ్యి గొడవ తర్వాత ఏ నెయ్యి నమ్మాలి?

ఆ కేసులో 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేసింది. దాని మీద తీర్పు చెప్పడం నా పని కాదు. నెయ్యి పరీక్ష గురించి మాత్రం ఒక సంగతి చెప్పాలి. పాలకొవ్వులో పరాయి కొవ్వు ఉందా అని చూడటానికి ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు అణువుల ఆధారంగా ఎస్ విలువ అనే లెక్క కడతారు. ఆ పద్ధతిని చెప్పే అంతర్జాతీయ ప్రమాణమే, పశువుకు పత్తిగింజల లాంటి నూనె మేత మరీ ఎక్కువ పెట్టినప్పుడు ఫలితం తప్పుగా రావొచ్చని హెచ్చరిస్తుంది. పత్తి పండే మన ప్రాంతంలో ఇది గుర్తుంచుకోవాలి. ఒక్క పరీక్షతో ఎవరినీ దొంగ అనకూడదు, ఒక్క పరీక్షతో ఎవరికీ మంచివాడనే ముద్ర వేయకూడదు. నెయ్యి ఏ పాల నుంచి, ఏ కేంద్రం నుంచి వచ్చిందో కాగితాలు కూడా కలవాలి.

రొయ్యల సంగతి?

క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల లాంటి యాంటీబయాటిక్‌లు వాడకూడదు. యూరప్ మన సాగు రొయ్యల్లో సగం సరుకును సరిహద్దులో పరీక్షించేది ఈ భయంతోనే. మేతలో ‘మందు’ కలిపి ఇస్తామంటే పేరు రాయించుకోండి. కోళ్లకైనా పశువులకైనా కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను 2019లో నిషేధించారు.

పురుగుమందు ఖాళీ డబ్బా కడిగి వాడుకోవచ్చా?

వద్దు, ఎన్నిసార్లు కడిగినా వద్దు. 2013 జులైలో బిహార్‌లోని ఒక ఊరి బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసింది. పత్తికీ మిర్చికీ మన చేలల్లో చల్లిన మందే అది. ఖాళీ డబ్బాకు కన్నాలు పొడిచి ఎవరికీ పనికిరాకుండా చేయండి. పల్లెల్లో ఆ డబ్బాల్లో దాణాకు నీళ్లు తెచ్చేవాళ్లను ఇప్పటికీ చూస్తున్నాను.

అనుమానం వస్తే ఎవరికి చెప్పాలి? శిక్ష పడుతుందా?

జిల్లా ఆహార భద్రత అధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి, లేదా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఉచిత నంబరు 1800112100కు చెప్పండి. ప్యాకెట్ పారేయకండి. బ్యాచ్ నంబరు, బిల్లు ఫొటో తీసి పెట్టండి.

చాలామందికి తెలియని హక్కు ఒకటుంది. చట్టంలోని 40వ సెక్షన్ ప్రకారం కొనుగోలుదారు తానే ఫీజు కట్టి ఆహార విశ్లేషకుడి చేత పరీక్ష చేయించుకోవచ్చు. కొనేటప్పుడే ‘పరీక్షకు పంపుతున్నాను’ అని అమ్మేవాడికి చెప్పాలి. తప్పు తేలితే ఫీజు వెనక్కి వస్తుంది. అధికారి తీసిన శాంపిలునైతే నాలుగు భాగాలు చేస్తారు, విశ్లేషకుడు 14 రోజుల్లో నివేదిక ఇవ్వాలి. వ్యాపారికి అప్పీలు హక్కు ఉంటుంది, అదీ న్యాయమే.

నాసిరకానికి ఐదు లక్షల దాకా జరిమానా. ప్రాణం పోతే కనీసం ఏడేళ్ల జైలు, జీవితఖైదు దాకా, పది లక్షలకు తగ్గని జరిమానా, బాధిత కుటుంబానికి కనీసం ఐదు లక్షల పరిహారం. చట్టంలో లోటు లేదు. శాంపిలు సక్రమంగా తీయకపోతే, సీలు సరిగ్గా లేకపోతే కేసు నిలబడదు.

ఇంట్లో పచ్చళ్లు చేసి విజయవాడలో అమ్ముతాను. నాకూ ఈ రూల్స్ అన్నీనా?

అవునమ్మా, చిన్న వ్యాపారానికీ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నమోదు కావాలి, సీసా మీద 14 అంకెల నంబరు ఉండాలి. దానికన్నా ముందు ఒక వంద పేజీల నోటుబుక్కు కొనండి. ఏ తేదీన ఏ కారం, ఏ నూనె, ఎవరి దగ్గర, ఏ బ్యాచ్. దాంతో ఏ సీసాలు చేశారు, ఎవరికిచ్చారు. ప్రతి విడత నుంచీ ఒక చిన్న సీసా పక్కన దాచండి. రేపు మీ కారంలో ఏదో ఉందని తేలితే, ఆ పుస్తకం ఉంటే ఇరవై సీసాలు వెనక్కి తెస్తారు. లేకపోతే ఏడాది పచ్చడంతా పారబోయాలి, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

దాణా కొట్లో బిల్లు అడిగితే ‘పాత ఖాతా కదమ్మా, బిల్లెందుకు’ అంటున్నాడు. ఏం చేయాలి?

ఒక్కరే అడిగితే అలాగే అంటారు. తెనాలి దగ్గర ఒక ఊళ్లో పదకొండు మంది పాడి మహిళలు కలిసి ఒకేసారి సరుకు తీసుకుంటామని, బ్యాచ్ నంబరు రాసిన బిల్లు కావాలని అడిగారు. మొదటి నెల కొట్టతను ఇవ్వలేదు. వాళ్లు వేరే కొట్టుకు వెళ్లారు. రెండో నెల ఇతనే పిలిచి ఇచ్చాడు. ఇప్పుడు ప్రతి లోడు నుంచీ గుప్పెడు దాణా కవర్లో వేసి, తేదీ రాసి, బిల్లుతో కలిపి పిన్ను కొట్టి బీరువాలో దాస్తున్నారు. ఆ కవర్లలో మూడు పోయిన వారం నేను పరీక్షకు పట్టుకెళ్లాను.